ఏస్ ఈవీకి ఇనుప గార్డ్ వేయించాలా?

ఎలక్ట్రిక్ పికప్ అనగానే మీకు సైబర్‌ట్రక్, రివియన్ గుర్తొస్తాయేమో. మా చిత్తూరులో అంటే టాటా ఏస్ ఈవీనే. మా మామ దాంట్లో మామిడికాయలు మండీకి తోలుతాడు. పుత్తూరు దారిలో కుక్క అడ్డొచ్చి బంపర్ పగిలింది. "అల్లుడూ, ఫోన్ కేసుల గురించి రాస్తావు కదా, దీనికీ గట్టిది ఒకటి చూడప్పా" అన్నాడు.

తిరుపతిలో ఒక షాపువాళ్లు ఇనుప గార్డ్ చూపించారు. ఇద్దరం పట్టి లేపాం, నలభై కిలోలకు తగ్గదు. బండి పేలోడే 600 కిలోలు. అంటే ట్రిప్పుకి రెండు క్రేట్ల కాయలు పోయినట్టే. 21.3 కిలోవాట్ అవర్ బ్యాటరీ మీద ఆ బరువు ఖాళీగా తిరిగొచ్చేటప్పుడూ ఉంటుంది.

అసలు చిక్కు వేరే. క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్యలు తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అవి అనుమతి లేని మార్పులు. ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలుకూ వీలుంది. ఫోన్ కేసు మెత్తగా ఉండి దెబ్బ తను తింటుంది. ఈ గార్డ్ దెబ్బను నేరుగా ఛాసిస్‌కి పంపిస్తుంది. ఎదురుగా మనిషుంటే ఇంక చెప్పక్కర్లేదు.

"అందరి బండ్లకీ ఉండాయి కదా!" అని మామ కాసేపు గొణిగాడు. చివరికి కంపెనీ బంపరే వేయించాం. కుక్క బాగానే ఉంది.