"నా దగ్గర దాచడానికి ఏముంది?" అనే ముందు ఒక్క నిమిషం

ఈరోజు ఎపిసోడ్‌లోకి వెళ్లే ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ఫోన్‌కి లాక్ ఉందా? ఉంటుంది. ప్యాటర్నో, వేలిముద్రో, ఏదో ఒకటి. ఇంట్లో అమ్మ "ఒకసారి ఫోన్ ఇలా ఇవ్వరా" అన్నా, ఇచ్చే ముందు ఒక్క సెకను ఆగుతాం. మనం తప్పేం చేయలేదు. అయినా ఆగుతాం, ఎందుకంటే అది మనది.

ఇప్పుడు 2021 అక్టోబర్‌కి వెళ్దాం. హైదరాబాద్‌లో గంజాయి మీద పోలీసుల తనిఖీలు గట్టిగా జరుగుతున్న రోజులు. రోడ్డు మీద బైకులు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తెరిపించి, వాట్సాప్‌లో గంజాయి అనే పదం కొట్టి వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. ఆ కుర్రాళ్లు ఏదో కేసులో అనుమానితులని కాదు. ఆ దారిన వెళ్తున్నారు, అంతే. చాలామంది ఫోన్ ఇచ్చేశారు. అమ్మకి ఇవ్వడానికి ఆలోచించే మనం అక్కడ ఎందుకు ఇచ్చేస్తాం? ఒకటి భయం. రెండోది మనకి మనం చెప్పుకునే ఒక మాట: "నా దగ్గర దాచడానికి ఏముంది?"

ఈరోజు మాట్లాడుకునేది ఆ ఒక్క మాట గురించే.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. నిఘా రెండు రకాలు. ఒక ఊళ్లో దొంగతనం జరిగింది. పోలీసులకి ఒకతని మీద అనుమానం వచ్చింది. అతని ఇంటి మీద కన్నేశారు. ఇది మొదటి రకం. ఇందులో అనుమానం ముందు, నిఘా తర్వాత. దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. రెండో రకంలో ఊళ్లో ప్రతి ఇంటి మీదా కన్నేస్తారు, అందులోంచి ఎవరో ఒకరు దొరుకుతారేమో అని చూస్తారు. ఇక్కడ నిఘా ముందు, అనుమానం తర్వాత. దీన్నే మూకుమ్మడి నిఘా అంటారు. వరుస తారుమారైంది చూశారా? మొదటి దాంట్లో ప్రభుత్వం కారణం చూపించాలి. రెండో దాంట్లో మనం నిర్దోషులమని మనమే చూపించుకోవాలి.

మన దేశంలో ఫోన్ ట్యాపింగ్‌కి మొదటి రకం నిబంధనలే ఉన్నాయి. బ్రిటిష్ వాళ్ల కాలంనాటి 1885 టెలిగ్రాఫ్ చట్టం ఆ అధికారం ఇచ్చింది. దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1996లో తీర్పు వచ్చింది. హోం శాఖ కార్యదర్శి స్థాయిలో ఆర్డర్ ఉండాలి, అది 2 నెలలే చెల్లుతుంది, పొడిగించినా మొత్తం 6 నెలలు దాటకూడదు, ఆ ఆర్డర్లను ఒక కమిటీ సమీక్షించాలి. ఇదంతా ఒక్కొక్కరి పేరు మీద, ఒక్కొక్క కారణంతో జరగాల్సిన పని.

మరి అందరి మీదా ఒకేసారి నిఘా పెడితే ఎలా ఉంటుంది? 2013 జూన్‌లో ప్రపంచానికి తెలిసింది. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ కోసం పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ రహస్య పత్రాలు జర్నలిస్టులకి ఇచ్చాడు. అందులో మొదట బయటికొచ్చింది ఒక రహస్య కోర్టు ఆర్డర్. వెరైజన్ అనే ఫోన్ కంపెనీ తన కస్టమర్ల కాల్ రికార్డులు రోజూ ప్రభుత్వానికి ఇవ్వాలని దాని సారాంశం.

అప్పుడు అమెరికా ప్రభుత్వం చెప్పిన సమాధానం, మాటలు వినట్లేదు, కేవలం మెటాడేటా తీసుకుంటున్నాం అని. మెటాడేటా అంటే ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోన్ చేశారు అన్న వివరం. వినడానికి ఏం కాదన్నట్టే ఉంటుంది. ఒక ఉదాహరణ చూడండి. ఒకమ్మాయి ఉదయం క్యాన్సర్ ఆసుపత్రికి ఫోన్ చేసింది. మధ్యాహ్నం డయాగ్నస్టిక్ సెంటర్‌కి చేసింది. సాయంత్రం అమ్మతో గంటన్నర మాట్లాడింది. రాత్రి ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి చేసింది. మీరు ఒక్క మాట కూడా వినలేదు. అయినా ఏదో ఊహించేశారు కదా? పైగా ఆ ఊహ తప్పే కావచ్చు. ఆ పరీక్ష ఆ అమ్మాయికి కాక మేనత్తకి అయ్యుండొచ్చు.

మన పెద్దలు ఎప్పుడో అన్నారు, తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అనుకుంటారని. మెటాడేటాకి తెలిసేది చెట్టు ఒక్కటే. గ్లాసులో ఏముందో దానికి తెలియదు.

సరే, ఇంత చేసి ఏం సాధించారు? అమెరికాలో ప్రభుత్వం లోపలే గోప్యత, పౌరహక్కుల పర్యవేక్షణకి ఒక బోర్డు ఉంది. ఆ బోర్డు ఈ కాల్ రికార్డుల కార్యక్రమాన్ని పరిశీలించి 2014 జనవరిలో నివేదిక ఇచ్చింది. అమెరికాకి వచ్చిన ఉగ్రవాద ముప్పుల్లో, ఈ కార్యక్రమం వల్ల దర్యాప్తు ఫలితం మారిన సందర్భం ఒక్కటి కూడా తమకి కనిపించలేదని చెప్పింది. 2015లో కొత్త చట్టం తెచ్చి, ఆ టోకు సేకరణని ఆపేశారు.

ఇప్పుడు మళ్లీ మన హైదరాబాద్‌కి వద్దాం. ఇక్కడ నిఘా కాల్ రికార్డులతో ఆగలేదు, మన ముఖం దాకా వచ్చింది. 2018లోనే తెలంగాణ పోలీసులు తమ టీఎస్‌కాప్ యాప్‌లో ముఖాన్ని గుర్తుపట్టే సౌకర్యం తెచ్చుకున్నారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. ఊరంతా ఉన్న కెమెరాల దృశ్యాలు ఒక్కచోట కూర్చుని చూసే కేంద్రం అది.

ఈ మధ్యలో ఇంకో సంఘటన. 2021 మే, లాక్‌డౌన్ టైం. పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తని పోలీసులు ఆపి, మాస్క్ తీయమని చెప్పి ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఎందుకు? ఎక్కడికి వెళ్తుంది? ఎన్నాళ్లు ఉంటుంది? ఏ చట్టం ప్రకారం తీశారు? ఆయన ఈ ప్రశ్నలతో తెలంగాణ హైకోర్టులో పిల్ వేశారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. పాస్‌వర్డ్ లీకైతే మార్చుకోవచ్చు. ముఖం మార్చుకోలేం.

"అన్నా, మెషీన్ కరెక్ట్‌గా చెప్తుంది కదా, తప్పు చేయనివాళ్లకి భయమెందుకు?" అంటారా? ఒక ఊహ లెక్క వేద్దాం. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద ఒక లక్ష మంది ఉన్నారనుకోండి. అందులో పోలీసులు వెతుకుతున్నవాళ్లు 10 మంది. మన మెషీన్ 99 శాతం కరెక్ట్. చాలా మంచి మెషీన్ కదా? ఆ పదిమందినీ పట్టేసింది. కానీ మిగతా 99,990 మందిలో 1 శాతం దగ్గర పొరబడుతుంది. అంటే దాదాపు 1,000 మంది. మొత్తం 1,010 సార్లు గంట మోగితే, అందులో 1,000 సార్లు ఏ తప్పూ చేయనివాడి దగ్గర మోగింది. అందరినీ వెతికితే వచ్చే ఇబ్బంది ఇదే. వెతికే గుంపు పెద్దదయ్యేకొద్దీ చిన్న పొరపాటు కూడా పెద్ద సంఖ్య అవుతుంది.

ఇది కాగితం మీద లెక్కే కదా అనుకోకండి. 2020 జనవరిలో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు వాచీల దొంగతనం కేసులో ఒక నల్లజాతి వ్యక్తిని, భార్య, చిన్న పిల్లల కళ్ల ముందే అరెస్ట్ చేశారు. కెమెరాలో ఉన్నది ఆయన కాదు. మెషీన్ పొరబడింది, పోలీసులు దాన్ని నమ్మారు. ఆయన దాదాపు 30 గంటలు నిర్బంధంలో ఉన్నారు. కోర్టుకి వెళ్తే 2024లో రాజీ కుదిరింది. కేవలం ముఖ గుర్తింపు ఫలితం చూసి ఇకపై ఎవరినీ అరెస్ట్ చేయకూడదని అక్కడి పోలీసులు ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. మెషీన్ 100 శాతం కరెక్ట్ అయినా సమస్య ఉంటుందా? ఉంటుంది. ఎలాగో చెప్తాను.

మీలో చాలామంది ఓటు వేసే ఉంటారు. పోలింగ్ బూత్‌లో మెషీన్ చుట్టూ ఒక అట్ట అడ్డం పెడతారు, గుర్తుందా? ఓటు వేయడం తప్పు పని కాదు కదా. మరి అడ్డం ఎందుకు? ఎవరో చూస్తున్నారని తెలిస్తే మన వేలు మన మాట వినదు కాబట్టి. సర్పంచ్ చూస్తున్నాడనో, అప్పిచ్చినాయన చూస్తున్నాడనో అనుకుంటే వేరే బటన్ నొక్కుతాం. అందుకే ఓటు రహస్యాన్ని బయటపెట్టిన ఎన్నికల సిబ్బందికి 3 నెలల దాకా జైలు శిక్ష పడొచ్చని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో రాసుకున్నాం. ఆ అట్టముక్క లేకపోతే ఎన్నిక ఉత్తుత్తిదే.

అదే బూత్‌కి ఇంకో కథ కూడా ఉంది. 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో కొంపల్లిలో 10 పోలింగ్ కేంద్రాల్లో ఓటర్లని గుర్తించడానికి ముఖ గుర్తింపుని ప్రయోగంగా వాడి చూశారు. దొంగ ఓట్లు ఆపడానికని చెప్పారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ కెమెరా ఆ గుమ్మం దాకా వచ్చింది.

ఓటు వేయడానికి ముందు మనం చేసే పనులు కూడా ప్రజాస్వామ్యంలో భాగమే కదా? ఇందిరాపార్క్ ధర్నాచౌక్‌కి వెళ్లి కూర్చోవడం, జర్నలిస్టుకి ఒక స్కామ్ గురించి చెప్పడం, లాయర్‌తో మాట్లాడటం, ప్రభుత్వం మీద వచ్చిన పోస్ట్ షేర్ చేయడం. ఇవన్నీ ఎవరో నోట్ చేస్తున్నారని తెలిస్తే ఏమవుతుంది? ఎవరూ మనల్ని ఆపక్కర్లేదు. మనమే ఆగిపోతాం. "ఎందుకొచ్చిన గొడవ, రేపు పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ ఉంది" అనుకుంటాం. కేసు లేదు, అరెస్ట్ లేదు, లాఠీ లేదు. అయినా ధర్నాచౌక్ ఖాళీ.

ఇంకోటి, చూసేవాడు ఎప్పుడూ మంచోడే ఉంటాడని గ్యారంటీ ఏంటి? 2024 మార్చిలో తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడింది. అంతకుముందు ప్రభుత్వ హయాంలో ఇంటెలిజెన్స్ విభాగంలోని కొందరు అధికారులు ప్రతిపక్ష నాయకులు, జర్నలిస్టులు, ఇంకా చాలామంది ఫోన్ల మీద నిఘా పెట్టారని, ఎన్నికల్లో ప్రభుత్వం మారగానే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. అవి ఆరోపణలే, తేల్చాల్సింది కోర్టు. ఏ పార్టీ అన్నది పక్కన పెట్టి ఒక్కటి ఆలోచించండి. కంచే చేను మేస్తోందన్న అనుమానం వస్తే, మేసిందో లేదో చూసే దారి మనకి ఉందా? మనకి నచ్చిన ప్రభుత్వం కట్టిన కంట్రోల్ రూమే రేపు మనకి నచ్చని ప్రభుత్వం చేతికి వెళ్తుంది. తాళాలు సహా.

మరి చట్టం ఏం చెప్తోంది? 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిల సుప్రీంకోర్టు ధర్మాసనం, రిటైర్డ్ జడ్జి జస్టిస్ పుట్టస్వామి వేసిన కేసులో, ప్రైవసీ ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోకూడదని కాదు. చేసుకోవాలంటే ఒక చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి పోకూడదు. కానీ పోలీసులు ముఖ గుర్తింపు వాడటానికి మన దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టం లేదు. ఫోన్ ట్యాపింగ్ ఆర్డర్ ఇచ్చేది ఇప్పటికీ అధికారే, జడ్జి కాదు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కంపెనీలకి నియమాలు పెట్టింది గానీ, దేశ భద్రత లాంటి కారణాలతో తన సంస్థలకి మినహాయింపు ఇచ్చుకునే వీలు కేంద్రానికి ఉంచింది. అదే చట్టం సమాచార హక్కు చట్టాన్ని కూడా మార్చింది. వ్యక్తిగత సమాచారం అన్న పేరుతో అధికారులు జవాబు ఎగ్గొట్టడం తేలికైందని కార్యకర్తల విమర్శ. అంటే మన వైపు కిటికీ తెరుచుకుంటోంది, వాళ్ల వైపు కిటికీ మూసుకుంటోంది. ప్రజాస్వామ్యంలో ఇది ఉల్టాగా ఉండాలి కదా?

కెమెరాలన్నీ పీకేయమని నేను అనట్లేదు. తప్పిపోయిన పిల్లలు దొరుకుతున్నారు, చైన్ స్నాచర్లు దొరుకుతున్నారు, మంచిదే. మనం అడగాల్సింది నాలుగు ప్రశ్నలు. ఏ చట్టం ప్రకారం చూస్తున్నారు? ఎవరు అనుమతి ఇచ్చారు? ఎన్నాళ్లు దాచుతారు? తప్పు జరిగితే నేను ఎవరిని అడగాలి?

ఇవి మీరే అడగొచ్చు. మీ ఊళ్లో ముఖ గుర్తింపు వాడుతున్నారా, దానికి నిబంధనలు ఏంటని సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. కేంద్ర ప్రభుత్వ శాఖలకైతే ఫీజు 10 రూపాయలు, ఒక టీ ఖర్చు. ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని అడగొచ్చు. ఎవరైనా రోడ్డు మీద ఫోన్ అడిగితే, గొడవ పడకుండా, "ఏ కేసులో సార్, ఏ చట్టం ప్రకారం?" అని మర్యాదగా అడగొచ్చు. అలా అడగడం నేరం కాదు.

ఇకపై ఎవరైనా "నీ దగ్గర దాచడానికి ఏముంది?" అంటే, పోలింగ్ బూత్‌లో ఆ అట్టముక్కని గుర్తు చేయండి. దాని వెనక మనం దాస్తున్నది తప్పు కాదు, మన నిర్ణయం.

మీ ఏరియాలో ఇలాంటిది ఏదైనా చూసి ఉంటే కామెంట్‌లో రాయండి. పేర్లు, నంబర్లు మాత్రం పెట్టకండి, ఇంతసేపు మాట్లాడింది దాని గురించే కదా! వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.