వేడినీటి గుండానికి వెళ్లి రండి, ముందు మీ పాదాలు చూసుకోండి



చలికాలం వచ్చిందంటే మన కొత్తగూడెంలో ప్రయాణాల కబుర్లు మొదలవుతాయి. ఇంటికి చుట్టాలు వస్తే భద్రాచలం, పర్ణశాల, కిన్నెరసాని చూపించి పంపడం మనకు అలవాటు. మన ఊరి రైల్వే స్టేషనుకే భద్రాచలం రోడ్డు అని పేరు. రైలు దిగినవారికి అక్కడి నుండి భద్రాచలం ఇంకా 40 కిలోమీటర్లు ఉంటుంది. ఈ ప్రయాణాల్లోనే చాలామంది పెద్దవారు గోదావరి ఒడ్డున ఉన్న వేడినీటి గుండం కూడా చూసి వస్తారు. ఆ నీళ్లలో కూర్చుంటే కీళ్లనొప్పులు పోతాయని నమ్మకం.

ఈ సంచికలో దాని గురించే రాస్తున్నాను. కారణం మా వార్డులో చూసిన ఒక పెద్దాయన. ఆయన గనిలో పనిచేసి రిటైరైనవారు. పదిహేనేళ్లుగా షుగరు ఉంది. గుండంలో కాసేపు కూర్చుంటే మోకాళ్లు తేలికపడ్డాయట. ఇంటికి వచ్చాక అదే వైద్యం అనుకుని, రోజూ బకెట్టులో కాగిన నీళ్లు పోసుకుని, గుప్పెడు ఉప్పు వేసి, అరగంట సేపు పాదాలు పెట్టుకుని కూర్చునేవారు. నొప్పులు తగ్గాయి కదా అని షుగరు మాత్రలు కూడా మానేశారు. ఒకరోజు పాదాలు బొబ్బలెక్కాయి. నొప్పి లేదు కాబట్టి పసుపు రాసి నాలుగు రోజులు ఊరుకున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి చీము పట్టింది. రెండు నెలలు డ్రెస్సింగులు చేశాం. పాదం నిలిచింది, ఒక వేలు మాత్రం తీసేయవలసి వచ్చింది.

ఆయన భార్య రోజూ మంచం పక్కన కూర్చుని ఒకటే మాట అనేది: "నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయన్నాడమ్మా. నేను చెయ్యి పెట్టి చూడకపోతిని." ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన పాదాలకు నిజంగానే వేడి తెలియలేదు.

నేల కింద వేడి ఎక్కడిది?

ఇది గని కార్మికులకు వేరే చెప్పనక్కరలేదు. అండర్‌గ్రౌండులో లోతుకు దిగేకొద్దీ ఉక్క పెరుగుతుంది. భూమిలో కిలోమీటరు లోతుకు సుమారు 25 నుండి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. వాననీరు రాతి పొరల పగుళ్లలోంచి లోతుకు ఇంకి, అక్కడ వేడెక్కి, దారి దొరికిన చోట మళ్లీ పైకి వస్తుంది. అదే వేడినీటి ఊట. మన గోదావరి లోయలో అలాంటి చోట్లున్నాయి.

అందరికీ తెలిసినది భద్రాచలానికి 5 కిలోమీటర్ల దూరంలోని గుండాల. నది తగ్గి ఇసుక తేలిన రోజుల్లో ఒడ్డున గుంట తీస్తే వేడినీరు ఊరుతుంది. ఈ గుండాల 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. మన జిల్లాలో గుండాల అనే మండలం వేరే ఉంది కనుక బస్సు ఎక్కేముందు సరిగా అడిగి ఎక్కండి. రెండవది మణుగూరు దగ్గరి పగిడేరు. బొగ్గు కోసం బోరు వేస్తే అక్కడ వేడినీరు పైకి ఎగదన్నింది. ఆ నీటి వేడితో కరెంటు తీయడానికి సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని అక్కడ పెట్టింది.

యూరప్‌లోని హంగరీ దేశంలోనూ ఇలాగే జరిగింది. హాయ్‌దూసోబోస్లో అనే ఊరిలో 1925లో సహజవాయువు కోసం తవ్వుతుంటే, దాదాపు 1,100 మీటర్ల లోతు నుండి 73 డిగ్రీల వేడినీరు వచ్చింది. ఆ నీటివల్లనే ఆ ఊరు కీళ్లవాతం ఉన్నవారు వెదుక్కుంటూ వచ్చే స్నానాల ఊరైంది. అయితే ఒక తేడా గమనించండి. ఆ దేశంలో వైద్యం కోసం చేసే స్నానాన్ని డాక్టరు పరీక్షించి, మందు రాసినట్లే చీటీ మీద రాస్తారు. ఏ నీరు, ఎంతసేపు, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెబుతారు. 73 డిగ్రీల నీటిలో ఎవరినీ నేరుగా దింపరు, చల్లార్చి వాడతారు. మన గుంట దగ్గర చీటీ రాసేవారు లేరు. అందుకే ఆ జాగ్రత్త మన ఇంటివారే తీసుకోవాలి.

వేడినీరు ఏమి చేస్తుంది, ఏమి చేయదు?

గోరువెచ్చని నీరు బిగుసుకున్న కండరాలను వదులు చేస్తుంది. నీటిలో శరీరం బరువు తేలికపడి కీళ్లకు కాసేపు హాయిగా ఉంటుంది. ఇది నిజమే. కానీ అరిగిన కీలును తిరిగి పెంచదు, షుగరును తగ్గించదు, మాత్రల పని చేయదు.

చాలా ఏళ్లు షుగరు ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతింటాయి. తిమ్మిరి, మంట, దూది మీద నడిచినట్లు ఉండటం దీని గుర్తులు. కొందరికి ఏ గుర్తూ ఉండదు, స్పర్శ మాత్రం పోతుంది. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాలుస్తుంది. 50 డిగ్రీల నీరైనా కొన్ని నిమిషాలలో కాలుస్తుంది. స్పర్శ ఉన్నవారు చటుక్కున కాలు తీసేస్తారు. లేనివారు అలాగే కూర్చుంటారు.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి:

• షుగరు ఉన్నవారు బయలుదేరే ముందు పాదాల పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాను పోగుతో పాదాన్ని తాకి చూస్తారు. నొప్పి ఉండదు, అయిదు నిమిషాలు కూడా పట్టదు.
• నీటి వేడిని షుగరు లేనివారు మోచేతితో చూడాలి. మోచేతికి వెచ్చగా తగిలితే సరే, చురుక్కుమంటే వద్దు. పది నిమిషాలకు మించి కూర్చోవద్దు.
• పాదంలో పుండు, పగుళ్లు, తిమ్మిరి ఉన్నవారు వేడినీటిలో పాదాలు పెట్టనే వద్దు.
• గుండెజబ్బు, అదుపులో లేని బి.పి. ఉన్నవారు, గర్భిణీలు డాక్టరును అడగకుండా దిగవద్దు.
• తల ముంచవద్దు, ముక్కులోకి నీరు పోనివ్వవద్దు. వెచ్చని మంచినీటిలో పెరిగే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరవచ్చు. ఇది చాలా అరుదు, కానీ ప్రాణాంతకం.
• కాలితే 20 నిమిషాలు మామూలు చల్లని నీరు ధారగా పోయండి. పసుపు, పేస్టు, ఇంకు పూయవద్దు. షుగరు ఉన్నవారికి చిన్న బొబ్బ వచ్చినా అదే రోజు ఆస్పత్రికి తీసుకురండి.

ఏ కాలంలో ఏమి చూడాలి?

చలికాలం: ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం భద్రాచలంలో గోదావరి మీద హంసవాహనంతో తెప్పోత్సవం జరుగుతుంది. మరునాడు తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం. మంచులో నిలబడవలసి వస్తుంది కనుక ఆయాసం ఉన్నవారు ఇన్‌హేలరు జేబులో పెట్టుకోండి. డిసెంబరు 23న సింగరేణి ఆవిర్భావ దినం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి సమయంలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. జనం జంపన్న వాగులో స్నానం చేసి, బంగారం పేరుతో బెల్లం సమర్పిస్తారు. ఆ వనదేవతల కథలను కంచుమేళంతో పాడిన మణుగూరు మండలం కూనవరం కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. జాతరకు వెళ్లేవారు కాచి చల్లార్చిన నీరు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు వెంట తీసుకెళ్లండి.

ఎండాకాలం: శ్రీరామనవమికి భద్రాచలం మిథిలా స్టేడియంలో కల్యాణం. తానీషా కాలం నుండి వస్తున్న ఆచారంగా ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు పంపుతుంది. అప్పటికే మన వైపు ఎండలు ముదురుతాయి. గొడుగు, మజ్జిగ, నీళ్లు మరువవద్దు. ఎవరైనా ఒళ్లు కాలిపోతూ తడబడి మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోను చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. చెప్పులు విప్పి కాలే బండల మీద నడవడం కూడా షుగరు పాదాలకు వేడినీరంత ప్రమాదమే. కనీసం మందపాటి మేజోళ్లు వేసుకోండి.

వానాకాలం: కోయ గూడేలలో విత్తనాల పండుగ జరిగే రోజులివి. రేల నృత్యం, కొమ్ము నృత్యం చూడదగినవి. ఆ ఊళ్లలో రాత్రి ఉంటే దోమతెర తప్పనిసరి, తిరిగి వచ్చాక చలిజ్వరం వస్తే రక్తపరీక్ష ఆలస్యం చేయవద్దు. గుండాల ప్రయాణం మాత్రం ఈ కాలంలో వద్దు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో 75 అడుగులు దాటింది, 2022 జూలైలో 71 అడుగులు దాటింది.

వానలు వెనకపట్టాక: బతుకమ్మ, దసరా రోజులివి. చెరువు మెట్లు పాకుడు పట్టి ఉంటాయి, పెద్దవారి చేయి పట్టుకోండి. కిన్నెరసాని అప్పుడు నిండుగా ఉంటుంది. చర్చి యువజనుల పిక్నిక్కులు అక్కడికే ఎక్కువ. జింకల పార్కు చూడండి, జలాశయంలో మాత్రం దిగవద్దు, మొసళ్లున్నాయి.

చివరగా ఒక మాట. మా వార్డు నుండి వెళ్లిన ఆ పెద్దాయన ఇప్పుడు మాత్రలు మానడం లేదు. కిందటి చలికాలంలో మళ్లీ గుండానికి వెళ్లారు. ఈసారి ఒడ్డున కుర్చీ వేసుకుని, మోకాళ్ల మీద వెచ్చని తడిగుడ్డ వేసుకుని కూర్చున్నారట. ముందుగా ఆ నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది ఆయన భార్య. మీ ఇంట్లోనూ ఆ చెయ్యి ఎవరిదో బయలుదేరే ముందే అనుకోండి. సంతోషంగా వెళ్లి, క్షేమంగా తిరిగి రండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్