ఈసీఎం పోయిందా, దానికి కరెంటు అందట్లేదా?

అమ్మడూ, బండి మొరాయిస్తే ఈ రోజుల్లో ముందుగా నేరం మోసేది ఇంజను కాదు, దాని కంప్యూటరు. సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. స్కానరు తగిలించి, రెండు బటన్లు నొక్కి, "బోర్డు పోయిందండీ" అని తేల్చేస్తారు. బోర్డంటే ఆ కంప్యూటరే, ఈసీఎం. కొందరు ఈసీయూ అంటారు, మన పనికి రెండూ ఒకటే. దాని ఖరీదు వింటే బండే అమ్మేద్దామనిపిస్తుంది. నేను చెప్పేదల్లా ఏమిటంటే, ఆ పెట్టెని తప్పు పట్టే ముందు దానికి నిండా కరెంటు అందుతోందో లేదో చూడాలి. అదీ అది పని చేస్తుండగా చూడాలి, ఊరికే ఉన్నప్పుడు కాదు.

మీ బాబాయి బెల్లం వేన్ సంగతే తీసుకో. మునగపాక నుంచి దిమ్మలెత్తుకుని అనకాపల్లి మార్కెట్‌కి పోయే చిన్న డీజిల్ బండి. తాళం తిప్పితే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. స్కానరుతో మాట్లాడుతుంది కూడా. సెల్ఫ్ కొట్టగానే స్కానరు తెగిపోతుంది, ఇంజను అందుకోదు. కోడ్ ఏమొచ్చిందని అడిగాను. పి0562 అట. అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువగా ఉందని. కోడ్ చూసి బ్యాటరీ మార్చారు. కొత్త బ్యాటరీ పెట్టినా అదే కోడ్ వచ్చేసరికి, ఇక ఈసీఎమ్మే పిచ్చిగా చెబుతోందని తీర్మానించారు.

ఇక్కడ కాస్త ఆగు. ఈసీఎం బ్యాటరీ దగ్గరికెళ్లి కొలిచి ఆ కోడ్ రాయలేదు. తన కాళ్ల దగ్గరికి, అంటే తన పిన్నుల దగ్గరికి ఎంత వచ్చిందో అంతే దానికి తెలుసు. బ్యాటరీలో నిండుగా ఉండి, పెట్టె దగ్గర తక్కువైతే, మధ్యలో ఎక్కడో పోతోందన్నమాట. పాపం అది ఉన్నదున్నట్టు చెప్పింది, వీళ్లు దాన్నే అబద్ధాలకోరుని చేశారు.

ఈ పెట్టె బళ్లలోకి ఎప్పుడొచ్చిందో తెలుసా? 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు దాంట్లో ఉన్నది కార్బురేటరే. అంతకు చాలా ముందే, పెట్రోలు చిమ్మే పనిని పెద్ద ఎత్తున ట్రాన్సిస్టర్ల పెట్టె చేతిలో పెట్టింది జర్మనీ బాష్ కంపెనీ. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో డి-జెట్రానిక్ పేరుతో అమర్చింది. 1979లో బాష్ వాళ్లే మోట్రానిక్ అని తెచ్చి, ఇంధనం, స్పార్కు రెండూ ఒకే పెట్టెకి అప్పగించారు. మన దేశంలో పొగ నిబంధనలు బిగిసేకొద్దీ అది తప్పనిసరైంది. దేశమంతటా భారత్ స్టేజ్ 4 అమలైంది 2017 ఏప్రిల్‌లో, స్టేజ్ 6 అమలైంది 2020 ఏప్రిల్‌లో. ఇప్పుడు చాలామటుకు మోటారు సైకిళ్లలో కూడా ఓ బుల్లి ఈసీఎం ఉంది. అనకాపల్లి, అచ్యుతాపురం రోడ్డు మీద తిరిగే కుర్రాళ్లకి తెలియదు గానీ, ఒక్కొక్కడూ ఓ కంప్యూటరు మీద కూర్చుని పోతున్నాడు.

సరే, దానికి కరెంటు ఎలా వస్తుంది? మొదటిది, బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా ఎప్పుడూ ఉండే లైను. తాళం తీసేసినా ఇది ఉంటుంది, నేర్చుకున్న లెక్కలు మరిచిపోకుండా. రెండోది తాళం తిప్పితే వచ్చే లైను. ఇది సన్నది, "యజమాని వచ్చాడు, లే" అని చెప్పడానికి. అది అందగానే ఈసీఎం మెయిన్ రిలేని లాగుతుంది, నువ్వు చెవి పెడితే టిక్కుమని వినపడుతుంది. ఆ రిలే మూసుకుంటే అసలు బరువు మోసే మూడో లైను వస్తుంది. ఈసీఎమ్ముకి, ఇంజెక్టర్లకి, వాల్వులకి అన్నిటికీ ఇక్కణ్నుంచే. వచ్చింది తిరిగి పోవాలి కదా, దానికి ఎర్తు తీగలు. ఒకటి కాదు, రెండు మూడు నాలుగు ఉంటాయి, బండి బాడీకి బోల్టు వేసి బిగిస్తారు. ఇంజెక్టర్లని తెరిచే కరెంటంతా ఈసీఎం గుండా పోయి ఈ ఎర్తుల్లోంచే బ్యాటరీకి తిరిగొస్తుంది. అందరూ ప్లస్సు తీగలే వెతుకుతారు. ఎర్తు సంగతి ఎవరికీ పట్టదు.

బాబాయి బండికి చేసినవారు ఎర్తు చూడలేదా అంటే, చూశారు. మీటరు ఓమ్స్‌లో పెట్టి ఈసీఎం ఎర్తు పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కి కొలిస్తే 0.7 వచ్చింది. "సున్నాకి దగ్గరే, బాగానే ఉంది" అన్నారు. ఇక్కడే మతలబు. మామూలు మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి తాకిస్తే అదే 0.2, 0.3 ఓమ్‌లు చూపిస్తుంది. ఆ 0.7లోంచి 0.3 తీసేస్తే మిగిలింది 0.4. ఇంత చిన్న అడ్డు ఎంత చెరుపు చేస్తుందో ఆ అంకె చూస్తే తెలియదు.

1827లో జార్జ్ ఓమ్ అనే జర్మన్ పంతులుగారు పుస్తకం వేసి చెప్పాడు: వోల్టేజీ అంటే కరెంటు ఇంటూ అడ్డు. 0.4 ఓమ్ మీదుగా 2 ఆంపియర్లు పోతే 0.8 వోల్టు పోతుంది, పెద్ద నష్టం లేదు. ఇంజెక్టర్లు పని మొదలెట్టి 10 ఆంపియర్లు పోతే? 4 వోల్టులు. సెల్ఫ్ తిరుగుతుంటే బ్యాటరీ ఎలాగూ 10కి దిగుతుంది. 10లోంచి 4 పోతే పెట్టెకి మిగిలేది 6. అంత తక్కువలో లోపలి ప్రాసెసర్ ఆగి, మళ్లీ లేచి, మళ్లీ ఆగుతుంది. తాళం తిప్పినప్పుడు చక్కగా మాట్లాడి, సెల్ఫ్ కొట్టగానే స్కానరు తెగిపోవడానికి కారణం ఇదే.

మన చెరకు తోటలో చివరి స్తంభం దగ్గరి మోటారు చూశావు కదా. ఆపి ఉన్నప్పుడు స్టార్టరు పెట్టె మీద ముల్లు 400 దాటి నిలబడుతుంది. పచ్చ బటన్ నొక్కావా, ముల్లు కిందికి జారి మోటారు మూలుగుతుంది. లైన్‌మన్ వచ్చి ఆపి కొలిచి "వోల్టేజి ఫుల్లుగా ఉంది" అంటే ఏమంటాం? మోటారు వేసి కొలవవయ్యా అంటాం. బండి దగ్గర కూడా అంతే. నిక్కచ్చిగా చెప్పాలంటే, డిజిటల్ మీటరు లోపల కోటి ఓమ్‌ల దాకా అడ్డు ఉంటుంది. దాని గుండా పోయే కరెంటు శూన్యంతో సమానం. తీగలో ఒక్క పోగు మిగిలి మిగతావన్నీ తెగినా అది 12 వోల్టులు చూపించేస్తుంది. బరువు పెడితేనే నిజం బయటపడుతుంది.

అందుకని మేం చేసిన పని చూడు. ముందు బ్యాటరీ. తాళం తీసి కాసేపయ్యాక నిండు బ్యాటరీకి 12.6 ఉండాలి, సెల్ఫ్ కొడుతుంటే 9.6 కన్నా కిందికి పోకూడదు. కొత్తదే కాబట్టి బాగానే ఉంది, 10 దగ్గర నిలబడింది. తర్వాత మీటరు వోల్టుల్లో పెట్టి, ఎర్ర మొన బ్యాటరీ ప్లస్ గుబ్బ మీద, నల్ల మొన ఈసీఎం కప్లర్ వెనకనుంచి దాని ప్లస్ పిన్ను మీద. గుబ్బ మీదే పెట్టాలి సుమా, బిగించే క్లాంపు మీద కాదు, గుబ్బకీ క్లాంపుకీ మధ్యే నష్టం ఉండొచ్చు. బాబాయి సెల్ఫ్ కొట్టాడు. 0.15 వోల్టు. అంటే వచ్చే దారి భేషుగ్గా ఉంది. ఇప్పుడు ఎర్తు వైపు: ఎర్ర మొన ఈసీఎం ఎర్తు పిన్ను వెనక, నల్ల మొన బ్యాటరీ మైనస్ మీద. తాళం తిప్పితే 0.8. ఎర్తు దారిలో 0.1 కన్నా ఎక్కువ పోకూడదు, అప్పటికే ఎనిమిది రెట్లు. సెల్ఫ్ కొట్టగానే అంకెలు ఎగిరి 4 దాకా పోయి అక్కడే ఊగాయి.

అక్కడితో సందేహం తీరింది. ఇక తీగ వెంట వెళ్లడమే. మొన పిన్ను మీంచి తీసి, తీగ చివరి లగ్గు మీద పెడితే ఇంకా 4. లగ్గు బిగించిన బోల్టు మీద పెడితే ఇంకా 4. బోల్టు పక్కన బాడీ రేకుని గీకి, మెరిసే ఇనుము మీద పెడితే 0.05. అంటే 4 వోల్టులూ లగ్గుకీ రేకుకీ మధ్యన ఒక గోరంత దూరంలో మాయమవుతున్నాయి. బోల్టు తిప్పి లగ్గు ఎత్తితే కథ మొత్తం కనపడింది. లగ్గు కింద నల్లటి మెరిసే పెయింటు, దాని అంచున ఎర్రటి తుప్పు, రాగి మీద పచ్చటి పొడి. ఎప్పుడో ముందువైపు గుద్దుకుంటే టింకరింగ్, పెయింటింగ్ చేయించారు. రంగు వేశాక గీకకుండానే దాని మీద ఎర్తు బిగించేశారు. కొన్నాళ్లు బోల్టు మరలోంచి కరెంటు పోయి బండి నడిచింది. వానలు, మన పూడిమడక వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి కలిసి ఆ మరని కూడా తినేశాయి.

గరుకు కాగితంతో రేకు తెల్లగా వచ్చేదాకా రుద్ది, లగ్గు రుద్ది, బోల్టు బిగించి, పైన వేజలీన్ పూశాం. బిగించాక పూయాలి, ముందు కాదు. మళ్లీ సెల్ఫ్ కొట్టి కొలిస్తే 0.04. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. గరుకు కాగితం ఖరీదు ఎంతో నువ్వే ఊహించుకో.

అన్నీ ఎర్తు దగ్గరే ఉంటాయని కాదులే. తాళం తిప్పినా చెక్ ఇంజన్ లైటు అసలు వెలగలేదంటే, ఈసీఎం నిద్రే లేవలేదని అనుమానించు. ఫ్యూజు, రిలే చూడు. రిలే టిక్కుమన్నంత మాత్రాన లోపలి కాంటాక్టులు కలిశాయని నమ్మకు. అవి కాలిపోయినా టిక్కుమంటుంది. ఇక్కడ ఓ 21 వాట్ల ఇండికేటరు బల్బు తీగకి కట్టి, రిలే బయటికిచ్చే లైనుకి ఎర్తుకి మధ్య పెట్టు. నిండుగా వెలిగితే దారి గట్టిది, మిణుకుమంటే కాదు. ఈ బల్బుని కరెంటు తెచ్చే లైన్ల మీదే వాడాలి. సెన్సర్లకి పోయే సన్న తీగల మీద పెట్టావో, బాగున్న ఈసీఎమ్మునే కాల్చేస్తావు. పసుపు రంగు కప్లర్లున్న ఎయిర్‌బ్యాగ్ తీగల జోలికి అసలు పోకు. చెరకు కొట్టాక చేలోంచి బయటపడ్డ ఎలకలు వెచ్చటి బానెట్ కింద చేరి వైర్లు కొరకడం మన వైపు కొత్త కాదు కాబట్టి, వైరింగు మీద పళ్ల గుర్తులకి కూడా ఓ చూపు వెయ్యి.

ఇంకో తమాషా ఉంది. ఈసీఎం తనకొచ్చిన 12ని లోపల 5 వోల్టులుగా దించి, యాక్సిలరేటరు, ప్రెషర్ సెన్సర్లకి పంచుతుంది. చాలా బళ్లలో ఒకే 5 వోల్టుల లైను నాలుగైదు సెన్సర్లకి పోతుంది. వాటిలో ఒక్కటి లోపల షార్టయితే లైను మొత్తం పడుకుంటుంది, ఏ సెన్సరూ పలకదు. చూసేవాడికి బోర్డు పోయినట్టే ఉంటుంది. అప్పుడు మీటరు ఆ 5 వోల్టుల తీగ మీద పెట్టి, సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ పో. ఏది పీకగానే 5 తిరిగొస్తుందో అదే దొంగ. అన్నీ పీకేసినా రాకపోతే ఆ తీగ ఎక్కడైనా బాడీకి రాసుకుంటోందేమో చూసి, అదీ కాకపోతే అప్పుడు పెట్టె మీద అనుమానపడు.

పెట్టెలు నిజంగా చచ్చిపోవడానికి చాలామటుకు కారణం మనుషులే. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి "డైనమో పని చేస్తోందా" అని చూడటం పాత అంబాసిడర్ల రోజుల్లో అలవాటు. ఇప్పుడు అలా చేస్తే డైనమో ఇచ్చే కరెంటుకి పోయే చోటు లేక వోల్టేజి ఒక్కసారిగా పైకి దూకుతుంది. మీటరు పెట్టి చూసుకో, ఇంజను తిరుగుతుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటరు సంగతి చూడాలి. బండికి వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ తీగలు, ఈసీఎం కప్లరు రెండూ విప్పించు. అరువు బ్యాటరీతో స్టార్టు చేసేటప్పుడు ప్లస్సూ మైనస్సూ తారుమారు కాకుండా ఒకటికి రెండుసార్లు చూసుకోమను.

ఇన్ని చూశాక, అన్ని లైన్లూ బరువు మీద నిలబడి, అన్ని ఎర్తులూ 0.1 లోపు ఉండి, సెన్సర్లన్నీ పీకినా 5 వోల్టులు రాకపోతే, అప్పుడు అను బోర్డు పోయిందని. అప్పుడు కూడా పాత సామాన్ల కొట్లో దొరికిన బోర్డు తెచ్చి తగిలించేస్తే సరిపోదు. ఇమ్మొబిలైజర్ ఉన్న బండిలో కొత్త పెట్టెకి తాళంతో జత కలపాలి, లేకపోతే కరెంటు ఎంత అందినా అది ఇంజెక్టర్లని తెరవనే తెరవదు. ఆ జత కలిపే సరంజామా ఎవరి దగ్గరుందో కనుక్కున్నాకే డబ్బులివ్వమని బాబాయికి చెప్పాను.