పిడుదుల్ని జల్లెడ పట్టిన తొట్టి

పశువు గట్టు మీంచి దూకి, తల దాకా మునిగి, ఈదుకుంటూ అవతలి ఒడ్డుకెక్కుతుంది. ఒంటి నుంచి కారిన మందునీళ్లు వాలు గచ్చు మీదుగా మళ్లీ అదే తొట్టిలోకి చేరతాయి. వెనక వచ్చే పశువులన్నిటికీ అదే స్నానం. 1872లో జావా నుంచి వచ్చిన పశువులతో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవులో దిగిన పిడుదు, ఆ తర్వాత క్వీన్స్‌లాండ్ మందల్లో జ్వరాలు రేపి పశువుల్ని పొట్టన పెట్టుకుంది. 1890ల్లో అక్కడి రైతులు దాని మీద ప్రయోగించిన ఆయుధం ఈ డిప్పింగ్ తొట్టి. అందులో కలిపింది ఆర్సెనిక్. నలభై ఏళ్లపాటు మందల్ని నిలబెట్టిన యంత్రమే అయినా, మొండి పిడుదుల్ని ఏరిపెట్టిన జల్లెడ కూడా అదే.

ఆడ పిడుదు పశువు మీద మూడు వారాలుండి, రక్తంతో ఉబ్బి రాలిపోయి, గడ్డిలో రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. అన్ని వేల పిల్లల్లో ఏ ఒక్కదానికో మందును తట్టుకునే జన్యువు ఉంటే చాలు. తొట్టి మిగతా వాటిని చంపి, దానికి పోటీ లేకుండా చేస్తుంది. 1930ల ద్వితీయార్ధానికి ఆర్సెనిక్‌కు లొంగని పిడుదులు ఆస్ట్రేలియాలోనూ దక్షిణాఫ్రికాలోనూ బయటపడ్డాయి. 1946లో వచ్చిన డీడీటీ పదేళ్లయినా నిలవలేదు. తర్వాత ఆర్గానోఫాస్ఫేట్ మందుల వంతు. ఇవి పిడుదు నరాల్లోని ఒక ఎంజైముకు అతుక్కుని దాన్ని పనిచేయనివ్వవు. 1963లో క్వీన్స్‌లాండ్‌లోని రాక్‌హాంప్టన్ దగ్గర దొరికిన రిడ్జ్‌లాండ్స్ రకంలో ఆ ఎంజైము రూపమే మారింది, మందు సరిగా అతుక్కోలేకపోయింది. 1980కి అమిట్రాజ్ అనే మందుదీ అదే కథ.

తప్పు రైతుది, మందు పలచన చేశాడు అంటారు. కొంత నిజమే. కానీ పలచన కావడం తొట్టి స్వభావంలోనే ఉంది: ప్రతి పశువూ తన వెంట్రుకలతో మందును లాక్కుపోతుంది, పేడా బురదా ఇంకొంత పట్టేసుకుంటాయి. పైగా మోతాదు సరిగ్గా ఉన్నా, దాన్ని తట్టుకున్న పిడుదే తర్వాతి తరానికి తల్లి. మరి అమెరికా 1906లో మొదలుపెట్టి 1943 నాటికి ఇదే తొట్టితో దాదాపు దేశమంతటా పిడుదును తుడిచేసింది కదా? ఈ ప్రశ్న తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. అక్కడ పశువుల రాకపోకల మీద క్వారంటైన్ ఉంది, రెండు వారాలకోసారి విడవకుండా ముంచారు, చాలాచోట్ల చలికాలమూ తోడైంది. అది ముగింపు ఉన్న యుద్ధం. వేడి ప్రాంతపు విశాలమైన బీళ్లలో నాలుగు పశువులు ఎప్పుడూ తప్పించుకుంటాయి. అక్కడ ముంచడం ఏటేటా చేసే పని, ఏరడమూ అంతే.

అందుకే నా దృష్టిలో మెరుగైన జవాబు మందులో కాదు, పశువు చర్మంలో దొరికింది. 1933లో ఆస్ట్రేలియా అమెరికా నుంచి బ్రాహ్మణ్ పశువుల్ని తెప్పించింది. మన ఒంగోలు రక్తం కలిసిన జాతి అది. దాని చర్మం మీద చేరిన పిల్ల పిడుదుల్లో చాలా భాగం బతకవు. బ్రాహ్మణ్ పశువులు బెదురుగొడ్లనీ, మాంసం గట్టిదనీ ఫిర్యాదు ఉంది, అబద్ధం కాదు. ఆ కారణంగానే రైతులు సంకరజాతుల వైపు మొగ్గారు. ఆ మందల్ని ఏడాదిలో తక్కువసార్లు ముంచితే సరిపోతుంది. ముంచింది తక్కువైన కొద్దీ, మందు తెలియని పిడుదులు మిగిలి, మొండివాటితో జతకట్టి వాటి జోరు తగ్గిస్తాయి.