ఒకే మందు, మూడు ఫలితాలు: కీళ్లవాతం మందులపై పుదుచ్చేరి పరిశోధనలు

కీళ్లవాతంతో బాధపడే ముగ్గురికి డాక్టరు ఒకే మందు, ఒకే మోతాదులో రాశారనుకుందాం. ఒకరికి రెండు నెలల్లో వాపు తగ్గి, చేతివేళ్లు మునుపటిలా ముడుచుకుంటాయి. రెండోవారికి ఆరు నెలలైనా గుణం కనిపించదు. మూడోవారికి నోట్లో పుండ్లు, వికారం మొదలై మందు ఆపేయాల్సి వస్తుంది. రోగం ఒకటే, మందు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

జవాబులో కొంత భాగమైనా మన జన్యువుల్లో ఉందా అని వెతుకుతున్నవారిలో పుదుచ్చేరి శాస్త్రవేత్తలు ఉన్నారు. 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్య పాఠశాలే ఇప్పుడు గోరిమేడులో ఉన్న జవహర్‌లాల్ స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థకు, అంటే జిప్‌మర్‌కు మూలం. అక్కడ జరిగిన పరిశోధనలు తెలుగువారికీ దగ్గరివే. వాటిలో ఒకదానికి తెలుగువారి రక్త నమూనాలు ఆధారమైతే, మరొకదాని వెనుక భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త కథ ఉంది.

నొప్పి బిళ్ల ఏం చేస్తుంది?

వాపు శరీరానికి శత్రువు కాదు. గాయమైనచోటికి రక్తం, రక్షక కణాలు చేరడానికి అది ఒక ఏర్పాటు. ఆ పనికి పిలుపునిచ్చే రసాయనాల్లో ప్రోస్టాగ్లాండిన్లు ముఖ్యమైనవి. సైక్లోఆక్సిజినేజ్ అనే ఎంజైమ్ సాయంతో అవి తయారవుతాయి. ఆస్పిరిన్ ఈ ఎంజైమ్‌ను అడ్డుకోవడం వల్లే పనిచేస్తుందని బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించారు. ఆ కృషికి 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, పైరాక్సికామ్ వంటి మందులదీ ఇదే దారి.

చిక్కేమిటంటే, ప్రోస్టాగ్లాండిన్లు నొప్పిని పెంచడంతోనే ఆగవు. జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడతాయి. మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూస్తాయి. అందుకే నొప్పి బిళ్లలు ఎక్కువ రోజులు వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఈ ఎంజైమ్‌లో రెండు రకాలున్నాయని 1990ల తొలినాళ్లలో తేలాక, వాపుతో ఎక్కువ సంబంధమున్న రెండో రకాన్నే అడ్డుకునే మందులు వచ్చాయి. కడుపుకు కొంత ఊరట దొరికింది కానీ గుండెకు ముప్పు బయటపడింది. వాటిలో ఒకటైన రోఫెకాక్సిబ్‌ను దాని తయారీ సంస్థ 2004 సెప్టెంబరులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది.

కాలేయంలో నిదానంగా నడిచే ఎంజైమ్

మింగిన మందు పని ముగిశాక శరీరం దాన్ని వదిలించుకోవాలి. చాలా నొప్పి మందుల విషయంలో ఈ బాధ్యత కాలేయంలోని సీవైపీ2సీ9 అనే ఎంజైమ్‌ది. దాన్ని తయారుచేసే జన్యువు అందరిలో ఒకేలా ఉండదు. రెండో రకం, మూడో రకం అని పిలిచే రూపాలున్నవారిలో ఎంజైమ్ నిదానంగా పనిచేస్తుంది. మూడో రకంలో ఈ మాంద్యం మరీ ఎక్కువ. అలాంటివారిలో మందు రక్తంలో ఎక్కువసేపు నిలిచి, మామూలు మోతాదే పెద్ద మోతాదుతో సమానమవుతుంది.

ఈ రూపాలు దక్షిణాదివారిలో ఎంతమేరకు ఉన్నాయో జిప్‌మర్ ఫార్మకాలజీ విభాగం పరిశీలించింది. తమిళనాడు, కేరళ, కర్ణాటకతో పాటు అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారి నమూనాలు కూడా సేకరించి 2005లో ఫలితాలు ప్రచురించింది. పరీక్షించిన జన్యు ప్రతుల్లో సుమారు 8 శాతం మూడో రకం, సుమారు 4 శాతం రెండో రకం అని తేలింది.

ప్రతి ఒక్కరిలో ఈ జన్యువుకు రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ మూడో రకమే అయ్యే అవకాశం, లెక్క ప్రకారం, వెయ్యిమందిలో సుమారు ఆరుగురికి. మేనరికాలున్న కుటుంబాల్లో అది ఇంకొంత పెరుగుతుంది. వినడానికి చిన్న సంఖ్యే అయినా, నొప్పి బిళ్లలు వాడేవారు కోట్లలో ఉన్న దేశంలో అది చిన్నది కాదు. ఈ ఎంజైమ్ బాగా మందగించినవారికి ఐబుప్రొఫెన్, సెలికాక్సిబ్ వంటివి మామూలుగా మొదలుపెట్టే కనీస మోతాదులో సగం లేదా పావు వంతుతోనే ప్రారంభించాలని, పైరాక్సికామ్‌ను మానుకోవాలని 2020లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి.

సుబ్బారావు బాటలో వచ్చిన మందు

నొప్పి బిళ్ల బాధను తగ్గిస్తుందే కానీ, రుమటాయిడ్ కీళ్లవాతాన్ని ఆపలేదు. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల వేరు, ఇది వేరు. ఇందులో రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్లపైనే దాడి చేస్తుంది. అడ్డుకోకపోతే ఎముక కోసుకుపోయి వేళ్లు వంకర తిరుగుతాయి. ఈ దాడిని నిదానింపజేసే మందుల్లో మొదట రాసేది సాధారణంగా మెథోట్రెక్సేట్.

దీని మూలం క్యాన్సర్ పరిశోధనలో ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. తర్వాత దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని తయారుచేసింది. దాంతో రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. 1951లో అమెరికా వైద్యులు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి చూశారు. కానీ అప్పుడు అందరి దృష్టీ కార్టిజోన్ మీదే ఉంది. అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌కు కీళ్లవాతం మందుగా అమెరికాలో అనుమతి రావడానికి 1988 దాకా పట్టింది.

క్యాన్సర్‌లో ఇది కణ విభజనను ఆపుతుంది. కీళ్లవాతంలో వాడే కొద్దిపాటి మోతాదులో పని తీరు వేరు. కణంలోకి చేరిన మందు ఏటీఐసీ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దాని ఫలితంగా అడెనోసిన్ అనే పదార్థం ఎక్కువగా విడుదలై, రెచ్చిపోయిన రక్షక కణాలను శాంతింపజేస్తుంది. మందు కణాల్లో నెమ్మదిగా కూడుకుంటుంది కాబట్టి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. వారానికి ఒక్కసారే వేసుకోవడం సరిపోయేదీ అందుకే.

జన్యువులు ఏం చెప్పాయి?

జిప్‌మర్ క్లినికల్ ఇమ్యునాలజీ విభాగంలో వీర్ సింగ్ నేగి బృందం మెథోట్రెక్సేట్ వాడుతున్న తమిళ రోగుల జన్యువులను పరిశీలించింది. మందును కణం బయటికి నెట్టే పంపును తయారుచేసే ఎండీఆర్1 జన్యువులోని ఒక తేడాకు, దుష్ప్రభావాలకు సంబంధం ఉందని 2015లో తెలిపింది. ఏటీఐసీ జన్యువులోని మరో తేడాకూ దుష్ప్రభావాలతో సంబంధం ఉండవచ్చని 2016లో ప్రచురించింది. ఎంటీఆర్ఆర్ అనే ఇంకో జన్యువులో మాత్రం మందు గుణంతో గానీ, దుష్ప్రభావాలతో గానీ ఏ సంబంధమూ కనిపించలేదు.

లేదని తేలడం కూడా ఉపయోగకరమైన ఫలితమే, వెతకాల్సిన చోట్లు తగ్గుతాయి. అయితే ఒక జన్యువులోని ఒక్క అక్షరం చూసి ఈ మందు ఎవరికి పడుతుందో చెప్పే దశ ఇంకా రాలేదు. ఒక జనసమూహంలో దొరికిన సంబంధం మరో సమూహంలో నిలబడకపోవచ్చు. తమిళ రోగుల్లో కనిపించింది యానాంలోనో, కాకినాడలోనో ఉన్న రోగికీ వర్తిస్తుందో లేదో అక్కడి రోగులను పరీక్షిస్తేనే తెలుస్తుంది.

రోగి చేతిలో ఉన్నది

జన్యు పరీక్షకంటే ముందు ప్రాణాలు కాపాడేది ఒక చిన్న జాగ్రత్త. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని రక్త కణాలు పడిపోతాయి, ప్రాణమే పోవచ్చు. ఇలాంటి మరణాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. అందుకే ఫలానా వారమని చీటీ మీద పెద్దగా రాయించుకోవాలి, ఇంట్లో మరొకరికి కూడా చెప్పి ఉంచాలి. డాక్టరు దీనితోపాటు రాసే ఫోలిక్ ఆమ్లం బిళ్ల దుష్ప్రభావాలను తగ్గిస్తుంది, దాన్ని మానకూడదు. రెండు బిళ్లలూ చిన్నగా, పసుపు రంగులో ఉండి ఒకదానికొకటి మారిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వేర్వేరు డబ్బాల్లో పెట్టుకోవడం మంచిది.

రక్త కణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చెప్పిన గడువులో చేయించుకోవాలి. గర్భం దాల్చాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పాలి, ఈ మందు గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీనితో కలిస్తే ముప్పు. కాబట్టి జ్వరానికి వెళ్లినా, దగ్గుకు వెళ్లినా మెథోట్రెక్సేట్ వాడుతున్న సంగతి చెప్పి తీరాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లకూ ఇదే వర్తిస్తుంది. పక్కింటివారికి పడిన మందు మనకూ పడుతుందన్న భరోసా లేదు. దక్షిణాదివారి జన్యువులపై పుదుచ్చేరిలో జరిగిన పరిశోధనలు చెబుతున్నదీ అదే.