ఒక్కడి మాటే చట్టమైతే...

‘‘ఈ దేశానికి ఒక్క నియంత కావాలె. అప్పుడుగానీ అందరు సక్కగ గారు!’’

బస్సు లేటయినా, రోడ్డు గుంతలు పడినా, పింఛను ఆగినా మనవాళ్ల నోట వచ్చే మాట ఇది. టీ కొట్టు దగ్గరో, పెళ్లి భోజనాల దగ్గరో మీరూ వినే ఉంటారు. మద్నూర్‌లో మాత్రం ఈ మాట ఉత్త విసుగు కాదు. కావాలంటే రుజువు కూడా చూపించొచ్చు. ఒకవైపు నిజాంసాగర్, మరోవైపు లెండి!

కామారెడ్డి జిల్లాకు అంచున ఉంటుంది మద్నూర్. సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్రలోని దెగ్లూర్. ఇంకోపక్క కర్ణాటకలోని బీదర్ జిల్లా. తెలుగు, మరాఠీ, కన్నడం కలగలిసిన చోటు. 1956 నవంబరు 1 దాకా ఇక్కడ ఈ సరిహద్దులేవీ లేవు. నాందేడ్, బీదర్, నిజామాబాద్... అన్నీ హైదరాబాద్ రాష్ట్రమే. 1948 వరకూ అన్నింటికీ ఒక్కడే ప్రభువు... ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్.

ఆయన హయాంలోనే మంజీరా మీద 1923లో నిజాంసాగర్ పనులు మొదలై 1931కల్లా పూర్తయ్యాయి. ఎనిమిదేళ్లు! చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు. ఆ నీళ్లతో పండిన చెరకే బోధన్ చక్కెర కర్మాగారానికి ఆధారమైంది. ఇక లెండి సంగతి. నాందేడ్ జిల్లా ముఖేడ్ తాలూకాలో రెండు రాష్ట్రాలూ కలిసి తలపెట్టిన ప్రాజెక్టు. మద్నూర్, బిచ్కుంద ప్రాంతంలో 22 వేల ఎకరాలకు నీళ్లివ్వాలి. 1980లలో మొదలైన పని దశాబ్దాలు సాగింది. నిధులు, నిర్వాసితుల పునరావాసం, రెండు సర్కార్ల మధ్య ఉత్తరాలు... ఇలా సాగుతుంటే నల్లరేగడి రైతుకు నిజాం గుర్తుకు రావడంలో వింతేముంది?

ఆరునెలల కొలువు

‘డిక్టేటర్’ అన్న మాట పుట్టింది ప్రాచీన రోమ్‌లో. అప్పట్లో అది తిట్టు కాదు, ఉద్యోగం. యుద్ధమో మరో ఆపదో ముంచుకొస్తే ఒకరికి సర్వాధికారాలూ ఇచ్చేవారు. గడువు ఆరు నెలలు. ఆ తర్వాత దిగిపోవాల్సిందే. క్రీస్తుపూర్వం 44లో జూలియస్ సీజర్ ఆ గడువు తీసేయించుకుని జీవితకాల డిక్టేటర్ అయ్యాడు. కొద్ది వారాలకే సెనేటర్ల కత్తులకు బలయ్యాడు. అంటే నియంతను నియంతగా చేసేది అధికారం ఒక్కటే కాదు. దిగమనేవాళ్లు లేకపోవడం.

మరి నిజాం? ఆయన వంశపారంపర్యంగా వచ్చిన రాజు కదా, నియంత ఎలా అవుతాడని అడగొచ్చు. ఏలిక ఎలా వచ్చాడన్నది కాసేపు పక్కన పెడదాం. ఆయన ఫర్మానాయే చట్టం. 1914లో దివాన్ మూడో సాలార్‌జంగ్‌ను తప్పించి, 1919 దాకా ప్రధాని లేకుండా తానే పాలించాడు. అయితే ఆ సర్వాధికారమంతా కిందివాళ్ల మీదే! బ్రిటిష్‌వారితో సరిసమానమని వాదించబోతే 1926లో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ ఒక్క ఉత్తరంతో నోరు మూయించాడు.

కింద ఉన్నవాళ్ల సంగతి చూద్దాం. 1929లో వచ్చిన ‘గస్తీ నిషాన్ 53’ ప్రకారం సర్కారు అనుమతి లేనిదే సభ పెట్టకూడదు. మద్నూర్ మీదుగా పోయే సంగారెడ్డి-నాందేడ్ రోడ్డు మీదే జోగిపేట ఉంది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజామాంధ్ర మహాసభ జరిగింది అక్కడే. అది అడిగినవి బళ్లు, గ్రంథాలయాల వంటివే. వాటి గురించి మాట్లాడుకోవడానికీ సర్కారు అనుమతి కావాలి! 1938లో వందేమాతరం పాడారని ఉస్మానియా విద్యార్థులను బయటికి పంపేశారు. అలా నాగపూర్ బాట పట్టినవారిలో పి.వి.నరసింహారావు ఒకరు. దాశరథి కృష్ణమాచార్యను ఖైదు చేసింది నిజామాబాద్ ఖిల్లా జైల్లో. ఆయన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ సంస్థానం భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు.

మళ్లీ నీళ్ల దగ్గరికే వద్దాం. నిజాంసాగర్ కింద మునిగిన ఊళ్లూ ఉన్నాయి. పని ఆపమని పట్టుబట్టే దారి వాళ్లకు లేదు. ఓటు లేదు, తాము ఎన్నుకున్న శాసనసభ లేదు. ఎనిమిదేళ్లలో కట్టగలగడానికి ఇదీ ఒక కారణమే! లెండి ముంపు గ్రామాలవాళ్లు మాత్రం పునరావాసం తేల్చమని ఏళ్ల తరబడి అడ్డు నిలిచారు. మద్నూర్ రైతుకు అది తీరని నష్టం, కాదనలేం. కానీ ఆ ఊళ్లలో మన ఇల్లే ఉంటే?

ఓటు ఉంటే చాలు, ఈ బెడద ఉండదనుకోవడమూ పొరపాటే. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టింది ఎన్నికైన ప్రభుత్వమే. అక్రమంగా నిర్బంధించారంటూ కోర్టుకెక్కే వీలు లేదని 1976లో సుప్రీంకోర్టే చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో కాదన్నది హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే. 1977లో ఉత్తరాది ఇందిరాగాంధీని ఓడిస్తే, మన ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాలలో గెలిచిన నీలం సంజీవరెడ్డిది. ‘నియంత కావాలె’ అనే మాట మన దగ్గర ఇంత తేలిగ్గా ఎందుకు వస్తుందో అక్కడే కొంత అర్థమవుతుంది.

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. వెంటనే ప్రజల చేతికి పాలన రాలేదు. సైనిక గవర్నర్‌గా జనరల్ చౌధురి, ఆ తర్వాత ముఖ్యమంత్రిగా అధికారి వెల్లోడి ఏలారు. ఎన్నికైన ప్రభుత్వం బూర్గుల రామకృష్ణారావు నాయకత్వంలో ఏర్పడింది 1952లోనే. ఆ సెప్టెంబరు 17ను దెగ్లూర్‌లో మరఠ్వాడా ముక్తి సంగ్రామ దినం అంటారు. బీదర్ వైపు కల్యాణ కర్ణాటక ఉత్సవం. మద్నూర్ వైపు రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినమంది, 2024లో ప్రజాపాలన దినోత్సవమంది. కేంద్రం విమోచన దినమంటోంది. ఏ పేరు సరైనదో ఇప్పటికీ తేలలేదు. సెప్టెంబరు వచ్చిందంటే చాలు, సభలు పెట్టి మరీ వాదించుకుంటున్నారు!