కాగితపు తూటా, ఇత్తడి తూటా

1857 నాటి సిపాయిలు తూటాలను పంటితో గొఱుకుటకు నిరాకరించిరని బాలుర చరిత్రపుస్తకములందు గలదు. నేడు తూటా యనగా లోహపు గుల్ల. దానిని గొఱుకుట యెట్లను సందేహము విద్యార్థులకు గలుగుట సహజము. ఆ పదమునకు నాడు గల యర్థము వేఱు.

1853వ సంవత్సరపు ఎన్‌ఫీల్డు తుపాకి మూతినుండి మందు కూరబడునది. దాని గొట్టపు రంధ్రము 0.577 అంగుళము. మందును గుండును ఇమిడిన కాగితపు పొట్లమే తూటా. సిపాయి దాని కొనను గొఱికి, మందు గొట్టములో బోసి, గుండును ఇనుపకడ్డీతో దిగగొట్టి, వెలుపల పేలుడుటోపి నుంచి కాల్చవలెను. పొట్లమునకు బూసిన క్రొవ్వు గోవుదియు పందిదియు నను భయము తిరుగుబాటు కారణములలో నొకటి యయ్యెను.

1864లో డెన్మార్కుతో జరిగిన యుద్ధమున ప్రష్యావారు వెనుకనుండి నింపు తుపాకులను వాడిరి. ఇంగ్లండు మేల్కొనెను. ఉన్న ఎన్‌ఫీల్డులను విడనాడుట మిక్కిలి వ్యయకరము. కావున వానినే మార్చుటకు అమెరికా వాసియగు జేకబు స్నైడరు పద్ధతి 1866లో అంగీకరింపబడెను. ప్రతిఫలమును గూర్చిన వివాదము తీఱకమునుపే ఆతడు ఆ యేడే మరణించెను.

గొట్టపు వెనుకకొన సుమారు రెండున్నర అంగుళములు కోసివైచి, అచ్చట నొక లోహపు గూడు బిగించిరి. అందు కుడివైపు కీలుపై దెఱచుకొను దిమ్మ యొకటి గలదు. దిమ్మలో ఏటవాలుగా నొక ములుకు. పాత తుపాకిగుఱ్ఱము ములుకును గొట్టగా నది తూటా యడుగును దాకును. కొయ్యయు, గుఱ్ఱమును, తక్కిన గొట్టమును పాతవే.

మార్పు ఫలించుటకు ముఖ్యకారణము కర్నలు బాక్సరు నిర్మించిన తూటా. పలుచని ఇత్తడిరేకు చుట్టకు ఇనుప అడుగు నమర్చి, పేలుడుపదార్థము నందే యుంచిరి. మందు మండగానే ఇత్తడి వ్యాకోచించి గొట్టపు గోడల నంటి, వాయువు వెనుకకు రాకుండ నాపును. దిమ్మను వెనుకకు లాగి తుపాకిని బోర్లించిన ఖాళీ గుల్ల రాలును. నిమిషమునకు మూడుమాఱులు కాల్చువాడు పదిమాఱులు కాల్చగలిగెను. పంటితో బనిలేకపోయెను.

ఐనను అపనమ్మిక పోలేదు. 1857 తరువాత భారతీయసైనికుల కొక తరము వెనుకటి యాయుధము లిచ్చుట ప్రభుత్వనీతి యయ్యెను. 1871లో అంగీకరింపబడిన మార్టినీ-హెన్రీ తుపాకులు ఆంగ్లేయసైనికులకు జేరగా, భారతీయులకు సామాన్యముగా లభించినవి స్నైడరులే.

కావున 1857 వృత్తాంతములందు తూటా యన్నచోట కాగితపు పొట్లమనియు, 1866 తరువాతి స్నైడరు ప్రసంగమున లోహపు గుల్ల యనియు బోధించుట యుక్తము.